మినీ ఎంత ఎత్తున నిలబడాలి?

ఇంగ్లండులో పాత కార్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా మినీలు వరసకట్టి కనిపిస్తాయి. ఒకే ఏడాది తయారైన రెండు కార్లు పక్కపక్కన ఉన్నా అవి నిలబడే తీరు మాత్రం ఒక్కలా ఉండదు. ఒకదాని టైరు పైభాగం మడ్‌గార్డ్ రేకు చాటుకు పోయి, కారు నేలను కరుచుకున్నట్టు ఉంటుంది. రెండోదాని టైరుకీ రేకుకీ నడుమ నాలుగు వేళ్లు సులువుగా పడతాయి. ఫొటోలు తీసుకునేవాళ్లు మొదటిదాని చుట్టూ చేరతారు. అయితే ఆ ఎత్తు యజమాని కోరి పెట్టించుకున్నదా, లోపలి రబ్బరు ముప్పై ఏళ్లుగా నలిగి దానంతటదే దిగిపోయిందా అన్నది కిందికి దూరి చూస్తే తప్ప తెలియదు.

పాత చిన్నకారు కొన్నవాళ్లు మొట్టమొదట మార్చాలనుకునేది ఈ ఎత్తునే. కొలవకుండా మార్చేసేదీ దీన్నే. రెండు మూడు సెంటీమీటర్లు దించితే చూడ్డానికి బాగుంటుందనీ, మలుపుల్లో కారు రోడ్డును గట్టిగా పట్టుకుంటుందనీ ఒక నమ్మకం ఉంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ లాభం ఎంత, అందుకోసం వదులుకునేది ఎంత అని లెక్క వేసుకున్నాక దించాలనే ఉత్సాహం చాలామందిలో తగ్గుతుంది. ఎత్తు గురించిన ఆలోచన మడ్‌గార్డ్ సందు దగ్గర కాక, గుంట వచ్చినప్పుడు చక్రం పైకి కదలడానికి ఇంకా ఎంత చోటు మిగిలి ఉంది అన్న ప్రశ్న దగ్గర మొదలుకావాలి.

మినీ పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉంది. 1956లో సూయెజ్ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ తాగే, నిజంగా నలుగురు కూర్చోగలిగే చిన్నకారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ పట్టుబట్టాడు. ఆ పని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ చేతికి వచ్చింది. 1959 ఆగస్టు 26న మార్కెట్లోకి వచ్చిన కారు పొడవు పది అడుగులు. ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సును దాని కిందే ఆయిల్ సంపులో అమర్చి, చక్రాలను 10 అంగుళాలకు కుదించి, మిగిలిన జాగా అంతా మనుషులకు వదిలాడు ఇసిగోనిస్.

చిక్కు బరువు దగ్గర వచ్చింది. ఖాళీ మినీ దాదాపు 600 కిలోలు. నలుగురు మనుషులు, కాస్త సామాను ఎక్కితే మరో 300 కిలోలు. అంటే కారు సొంత బరువులో సగం అదనంగా దాని మీద పడుతుంది. పెద్దకారులో నలుగురు ఎక్కినా ఈ నిష్పత్తి ఇంత ఉండదు. మామూలు ఉక్కు స్ప్రింగు మెత్తగా పెడితే నలుగురు ఎక్కగానే కారు కుంగి అడుగు తగులుతుంది. గట్టిగా పెడితే ఒక్కడే నడిపేటప్పుడు ఒళ్లు హూనమవుతుంది. చిన్నకార్లన్నిటికీ ఉన్న కష్టమే ఇది. వాటి ఎత్తు విషయంలో పెద్దకార్ల సూత్రాలు పనికిరాకపోవడానికి మూలకారణం కూడా ఇదే.

దీనికి జవాబు ఇచ్చినవాడు అలెక్స్ మౌల్టన్. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊళ్లో రబ్బరు వ్యాపారం చేసిన కుటుంబం నుంచి వచ్చిన ఇంజనీరు. స్ప్రింగు బదులు ఉక్కు పళ్లాల మధ్య అతికించిన రబ్బరు శంకువును వాడాడు. రబ్బరుకు ఒక గుణం ఉంది. తక్కువ బరువుకు మెత్తగా లొంగుతుంది, నొక్కే కొద్దీ గట్టిపడుతుంది. ఒక్కడున్నప్పుడు ఒకలా, నలుగురున్నప్పుడు మరోలా పనిచేసే స్ప్రింగు ఇలా చిన్న డబ్బాడంత జాగాలో దొరికింది. ఆ శంకువును నొక్కే పనిని ట్రంపెట్ అని పిలిచే అల్యూమినియం గొట్టం చేస్తుంది. దాని రెండో కొసన గుండు కీలు, ఆ కీలు కింద చక్రాన్ని మోసే చెయ్యి. చెయ్యి పొడవుగా ఉంటుంది, ట్రంపెట్ మాత్రం దాని ఇరుసుకు దగ్గరగా కూర్చుంటుంది. కాబట్టి చక్రం చాలా కదిలినా రబ్బరు కొంచెమే నలుగుతుంది.

ఈ అమరిక వల్లే మినీ ఎత్తు మార్చడం సులువు, పాడుచేయడం ఇంకా సులువు. ట్రంపెట్ పొడవులో చేసిన చిన్న మార్పు చక్రం దగ్గరికి వచ్చేసరికి కొన్ని రెట్లు పెరుగుతుంది. ఒక పలచటి వాషరు వేస్తే కారు లేచినట్టు కంటికి కనిపిస్తుంది. ట్రంపెట్ చివర కాస్త కోసేస్తే కారు దిగిపోతుంది. రేస్ ట్రాకులకు తీసుకెళ్లే తొలితరం వాళ్లు చేసింది అదే. కోసిన లోహం తిరిగి రాదు కనుక, ఎక్కువ కోసినవాళ్లు వాషర్లతో సర్దుకోవాల్సి వచ్చేది. తర్వాత మర ఉన్న ట్రంపెట్లు వచ్చాయి. పానాతో నట్టు తిప్పితే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ పరికరం మినీ యజమానులకు నిజంగా మేలు చేసింది. అయితే దించడానికే దీన్ని కొంటారు గానీ, అసలు ఉపయోగం వేరేచోట ఉంది.

రబ్బరు అలసిపోతుంది. ఏళ్ల తరబడి మనిషి పడుకున్న నులక మంచం సాగిపోయినట్టే, కారు బరువును రాత్రింబవళ్లు మోసిన శంకువు మెల్లగా కుంగి, గట్టిపడి, తిరిగి పైకి లేవడం మానేస్తుంది. పాతికేళ్లు ఏమీ ముట్టుకోని మినీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తు కన్నా కిందే ఉంటుంది. పైగా నాలుగు మూలలా సమానంగా కుంగదు. అలాంటి కారును ఇంకో అంగుళం దించాలనుకోవడం, ఇప్పటికే దిగిపోయినదాన్ని రెండోసారి దించడమే. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి ఉంది. కొత్త శంకువులు వేయించిన మర్నాడే కారు ముక్కు పైకి లేచి కనిపిస్తే, ఏదో తప్పు జరిగిందని కంగారుపడి వెంటనే నట్లు తిప్పేస్తారు. కొత్త రబ్బరు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, కొన్ని నెలల్లో తనంతట తానే కూర్చుంటుంది. ముందే దించేస్తే తర్వాత మరీ కిందికి పోతుంది. మర ఉన్న ట్రంపెట్ల అసలు ఉపయోగం ఇక్కడే. రబ్బరు కుదురుకున్నాక, నాలుగు మూలలనూ కారు మొదటి ఎత్తుకు తెచ్చి సమం చేయడానికి వాటిని మించింది లేదు.

1964 నుంచి కొన్నేళ్లు తయారైన మినీలకు ఈ ట్రంపెట్ సర్దుబాటు వర్తించదు. వాటిలో హైడ్రోలాస్టిక్ పద్ధతి ఉంటుంది. ముందు చక్రం గదిలో ఉన్న ద్రవం ఒక గొట్టం ద్వారా అదే పక్కనున్న వెనక చక్రానికి వెళ్తుంది. ముందు చక్రం మిట్ట ఎక్కితే వెనక భాగం కూడా కాస్త లేచి, కారు ముందుకీ వెనక్కీ ఊగడం తగ్గుతుంది. వీటి ఎత్తును ద్రవం ఒత్తిడి నిర్ణయిస్తుంది. ఒక పక్కే కారు ఒరిగి ఉంటే ద్రవం కారుతోందని అనుమానించాలి. దించడం, ఎత్తడం మాట తర్వాత.

ఇక లాభనష్టాల లెక్క. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి వెళ్తుంది. ఎంత వెళ్తుందన్నది కారు గురుత్వ కేంద్రం ఎంత ఎత్తున ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ కేంద్రం నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కారును 2.5 సెంటీమీటర్లు దించితే బరువు మారడం 5 శాతం తగ్గుతుంది. లాభం అంతే. అదే కారులో చక్రం పైకి కదలడానికి 5 సెంటీమీటర్ల చోటు ఉందనుకుంటే, ఆ 2.5 సెంటీమీటర్లతో సగం పోతుంది. మిగిలిన సగం ఒక మోస్తరు గుంటకే అయిపోతుంది. ఆపైన చక్రం బంప్ రబ్బరును ఢీకొడుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ మూలలో సస్పెన్షన్ లేనట్టే. టైరు రోడ్డు మీద ఎగురుతుంది, పట్టు పోతుంది. గట్టి పట్టు కోసం దించిన కారు సరిగ్గా పట్టు కావాల్సిన చోటే జారుతుంది. నున్నటి రేస్ ట్రాకు మీద ఐదు శాతం లాభం గడియారంలో కనిపిస్తుంది. ఊరి రోడ్డు మీద ఆ లాభం కనిపించదు, నష్టం మాత్రం ప్రతి కిలోమీటరులో తగులుతుంది.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి. దించిన కారు మలుపులో ఎక్కువ ఒరగవచ్చు కూడా. కారు ఒరిగేటప్పుడు అది ఒక ఊహాబిందువు చుట్టూ తిరుగుతుంది. ఆ బిందువు ఎక్కడుంటుందో చక్రాన్ని పట్టుకున్న చేతుల వాలు నిర్ణయిస్తుంది. మినీ ముందు చక్రాలకున్నట్టు పైనా కిందా చేతులున్న సస్పెన్షన్‌లో కారును దించితే కింది చేతులు చక్రం వైపు పైకి వాలతాయి. దాంతో ఆ బిందువు గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారవచ్చు. రెండింటి మధ్య దూరం పెరిగితే బరువుకు దొరికే మీట పొడవు పెరిగి, కారు ఇంకా ఒరుగుతుంది. అప్పుడు దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు, ఒరుగును అడ్డుకునే యాంటీరోల్ బార్ కొనాల్సి వస్తుంది. కింది చేతులు నేలకు దాదాపు సమాంతరంగా ఉండేలా చూసుకోవడం ఎత్తు ఎంచుకోవడానికి మంచి గుర్తు. కంటితో చూసి చెప్పగలిగినది, కొలబద్ద కూడా అక్కర్లేనిది.

స్టీరింగ్ విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. చక్రాన్ని తిప్పే కడ్డీ ఒక చాపం గీస్తుంది, చక్రాన్ని మోసే చెయ్యి మరో చాపం గీస్తుంది. ఫ్యాక్టరీ పెట్టిన ఎత్తు దగ్గర ఈ రెండు చాపాలూ వీలైనంత వరకు ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఎత్తు మారితే పొత్తు చెడి, గుంట వచ్చినప్పుడల్లా డ్రైవరు ప్రమేయం లేకుండానే చక్రం కాస్త పక్కకు తిరుగుతుంది. మినీకి ముందు చక్రాలే నడిపే చక్రాలు. వాటిని తిప్పే డ్రైవ్ షాఫ్టుల కీళ్లు కూడా ఒక కోణానికి అలవాటుపడి పనిచేసేవే. కారును మరీ దించినా, మరీ ఎత్తినా ఆ కీళ్లు ఎప్పుడూ వంకరలోనే తిరిగి త్వరగా అరుగుతాయి.

కింద గేర్‌బాక్సు ఉందన్న సంగతి మరిచిపోకూడదు. చాలా కార్లలో ఇంజన్ అడుగున ఆయిల్ పట్టుకునే ఉత్త రేకు ఉంటుంది. మినీలో అక్కడ ఉండేది గేర్లను మోసే అల్యూమినియం పెట్టె. ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్. రాయి తగిలి ఆ పెట్టె పగిలితే రెండూ ఒకేసారి ఎండిపోతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని కింద ఉండే ఖాళీ సుమారు ఆరంగుళాలు. 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన మినీ కూపర్ ఎస్‌లు కొండదారుల్లో, మంచులో, కంకరలో పరుగెత్తాయి. ర్యాలీకి వెళ్లే మినీని ఎత్తుగానే ఉంచి, అడుగున దళసరి రేకు కవచం తొడుగుతారు. వేగం కావాల్సినవాళ్లు అందరూ దించరు. కింద రోడ్డు ఏమిటో చూసుకుని ఎంచుకుంటారు.

వెనక, ముందు షాకబ్జర్ల పొడవు సంగతి చాలామందికి తట్టదు. కారును జాకీ మీద లేపితే చక్రం ఎంత దూరం వేలాడాలో నిర్ణయించేది షాకబ్జరే. ట్రంపెట్‌ను పొట్టి చేసి పాత పొడుగు షాకబ్జర్లే ఉంచేస్తే, చక్రం వేలాడినప్పుడు ట్రంపెట్ వదులై గుండు కీలు తన గిన్నెలోంచి జారిపోతుంది. మళ్లీ కారును దించినప్పుడు అది అడ్డదిడ్డంగా కూర్చుంటే అంతే సంగతులు. దించాలనుకున్నవాళ్లు పొట్టి షాకబ్జర్లు కూడా కొనాలి, లేదా దించడం మానాలి. మధ్యేమార్గం లేదు.

టైర్ల లెక్క కూడా ఎత్తును తారుమారు చేస్తుంది. పాత మినీలకు వాడే 145/80 ఆర్10 టైరు వ్యాసం 486 మిల్లీమీటర్లు. 1984లో మినీలన్నిటికీ 12 అంగుళాల చక్రాలు వచ్చాక ఆ కార్లకు వాడే 165/60 ఆర్12 టైరు వ్యాసం 503. తేడాలో సగం, అంటే 8 మిల్లీమీటర్లు, కారు అడుగు పైకి లేస్తుంది. కానీ టైరు పెద్దది కాబట్టి మడ్‌గార్డ్ సందు తగ్గి, చూసేవాళ్లకు కారు దిగినట్టే అనిపిస్తుంది. సందును చూసి ఎత్తు అంచనా కట్టడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది. చక్రం నడిబొడ్డు నుంచి నిటారుగా పైనున్న రేకు అంచు దాకా కొలిస్తే టైరు ఏదైనా, అందులో గాలి ఎంతున్నా సస్పెన్షన్ స్థితి సరిగ్గా తెలుస్తుంది.

ఎత్తు మారితే కారు స్వభావం ఎంత మారుతుందో ఎంజీబీ కథ చూపిస్తుంది. 1962లో వచ్చిన ఈ చిన్న స్పోర్ట్స్ కారును అమెరికన్లు విరగబడి కొన్నారు. 1970ల నడుమ అమెరికా ప్రభుత్వం బంపర్ల బలానికీ, దీపాల ఎత్తుకూ కొత్త నియమాలు పెట్టింది. కారు ముఖం మళ్లీ గీసే ఖర్చు భరించలేక దాని తయారీదారు బ్రిటిష్ లేలాండ్ రెండు పనులు చేసింది. ముందూ వెనకా బరువైన నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, కారు మొత్తాన్ని ఒక అంగుళం పైకి లేపింది. 1975 మోడల్‌లో ముందున్న యాంటీరోల్ బార్‌ను కూడా తీసేసింది. మలుపుల్లో నిలకడకు పేరుపడ్డ కారు పడవలా ఊగడం మొదలెట్టింది. కొన్నేళ్లకు బార్లను తిరిగి పెట్టి కొంత సరిచేశారు గానీ ఎత్తు మాత్రం తగ్గలేదు. ఇవాళ ఆ కార్లు ఉన్నవాళ్లు దించుతున్నారంటే అది షోకు కోసం కాదు. 1974కి ముందున్న ఎత్తును తిరిగి తెచ్చుకోవడమే. దించడం సబబైన పని అని ఒప్పుకోవాల్సిన సందర్భాల్లో ఇదొకటి.

బీటిల్ కారుది ఇంకో దారి. దానిలో స్ప్రింగుల బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు ఉంటాయి. వెనక కడ్డీకి లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44 పళ్లు. లోపల ఒక పల్లు జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పల్లు జరిపితే 8 డిగ్రీలకు కాస్త పైన మారుతుంది. ఒక్కవైపే జరిపితే మార్పు మరీ పెద్దది. లోపల ఒకటి ముందుకు, బయట ఒకటి వెనక్కి జరిపితే తేడా డిగ్రీలో ఐదింట నాలుగు వంతులే మిగులుతుంది. అంటే చక్రం దగ్గర కొద్ది మిల్లీమీటర్లు. ఏ మర నట్టూ లేకుండా, రెండు అంకెల తేడాతో ఇంత సున్నితమైన సర్దుబాటు రాబట్టిన తీరు అద్భుతం. ఇంజనీరింగ్ అందం అంటే ఇలాంటిదే.

అయితే 1960ల చివరి దాకా వచ్చిన చాలా బీటిల్స్‌లో వెనక ఇరుసు ఊగే రకం. గేర్‌బాక్సు దగ్గరే కీలు, చక్రం ఇరుసుకు బిగిసి ఉంటుంది. కారు లేస్తే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి, దిగితే విచ్చుకుంటాయి. వెనక ఎత్తుగా ఉన్న బీటిల్‌ను వేగంగా మలుపు తిప్పితే బయటి చక్రం కారు కిందికి మడుచుకుపోయి తలకిందులయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ కారు వెనక భాగాన్ని కాస్త దించడం భద్రతకు మేలే. మినీ విషయంలో చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. ఏ కారుకు ఆ కారు లెక్కే చూడాలి.

దక్షిణ కాలిఫోర్నియాలో ఒకే బీటిల్ రెండు రూపాలెత్తింది. ఎడారి పందేలకు వెళ్లేవాళ్లు మడ్‌గార్డులు కోసి, కారును పైకి లేపి, పెద్ద టైర్లు తొడిగారు. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో ఎడారి పందెం మొదలయ్యాక వాటికి బాహా బగ్ అన్న పేరు స్థిరపడింది. అదే ప్రాంతంలో తిన్నటి రోడ్డు మీద పావు మైలు పందేలు వేసే కుర్రాళ్లు ముక్కును నేలవైపు దించారు. ఇద్దరూ తమ కాళ్లకిందున్న నేల చెప్పింది విన్నారు.

తెలుగు నేల మీదికి వస్తే, పాత చిన్నకారు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఫియట్. 1100 డిలైట్‌గా మొదలై, ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా మారి, 1974లో పద్మిని పేరు పెట్టుకుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖలో వీటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీని ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. ముందు స్ప్రింగు చుట్ట ఒకటి కోసేసి కారును దించే పద్ధతి అక్కడక్కడా ఉంది. కోసిన స్ప్రింగు పొట్టిదవడమే కాదు, మునుపటికన్నా గట్టిదవుతుంది. కోసిన కొస గిన్నెలో సరిగ్గా కూర్చోకపోతే చక్రం వేలాడినప్పుడు జారుతుంది. గ్యాస్ మంటతో కాల్చి స్ప్రింగును కుంగదీయడం ఇంకా ఘోరం. ఉక్కుకు పెట్టిన పదును పోయి, ఎప్పుడు విరుగుతుందో తెలియని స్ప్రింగు మిగులుతుంది.

వెనక కమాన్ కట్టల కథ మినీ రబ్బరు కథలాంటిదే. దశాబ్దాలు మోసిన పట్టీల వంపు తగ్గి కారు తోక కుంగుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీల కమాన్ కట్టలు విప్పి వంపు తిరిగి తెప్పించే పనివాళ్లున్నారు. వాళ్ల చేతుల్లో పద్మిని కట్టలు చిన్నపని. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది, ఎత్తు రావాలని దళసరి పట్టీ ఒకటి అదనంగా వేయించడం గురించి. కారు లేస్తుంది గానీ వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నడుం విరుగుతుంది. తడి రోడ్డు మీద ఖాళీ కారు తోక ఎగిరి జారుతుంది. మొదటి వంపు ఎంతో అంత వరకే తెప్పించుకోవడం మంచిది.

మన రోడ్ల మీద ఎత్తును నిర్ణయించేది ఎక్కువగా స్పీడ్ బ్రేకరే. దీని మీద కూడా అపోహ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. పద్మిని ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.34 మీటర్లు. రెండు చక్రాలూ చెరో వాలు మీద ఉండగా నడుమ భాగం కిందికి దిమ్మె లేచేది లెక్కిస్తే 4 సెంటీమీటర్లే. రెండు మీటర్ల చిల్లర దూరం ఉన్న మినీకైతే 3. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌ను దించిన కారు కూడా మెల్లగా దాటగలదు. ఇబ్బంది అంతా వీధివాళ్లు సొంతంగా కట్టుకునే, వెడల్పు లేని నిటారు దిమ్మెలతో. అడుగున్నర వెడల్పుతో అదే 10 సెంటీమీటర్ల ఎత్తు కడితే, నడుమ భాగం కింద ఆ పదికి పదీ పోతుంది. 15 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న కారులో 5 మిగులుతుంది. నలుగురు కూర్చుని కారు కుంగిందంటే సైలెన్సర్ గొట్టం గీసుకోక తప్పదు. రోజూ ఇంటి నుంచి వెళ్లే దారిలో ఉన్న అతి చెడ్డ దిమ్మెను టేపు పట్టుకుని కొలిస్తే, కారును ఎంత దించవచ్చో, అసలు దించవచ్చో లేదో అక్కడే తేలిపోతుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది. వాటి నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి. ఆ గుర్తింపు కావాలంటే కారు మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ కోసి చేసిన మార్పులు అందుకు అడ్డు. బోల్టు విప్పి పాత స్థితికి తెచ్చుకోగలిగిన మార్పుకు, కోసి అతికించిన మార్పుకు ఉన్న తేడాను ఈ కార్లు ఉన్నవాళ్లు ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి.

కొలిచే పద్ధతి ఒక్కటి తెలిస్తే పని సగం అయినట్టే. నేల చదునుగా ఉండాలి. ఇంటి ముందున్న ఏటవాలు మీద కొలిచిన అంకెలు దండగ. నాలుగు టైర్లలోనూ సరైన గాలి, ట్యాంకులో సగం పెట్రోలు, డ్రైవరు సీట్లో మామూలుగా నడిపేవాళ్ల బరువుకు సరిపడా బియ్యం బస్తా లేదా మనిషి. జాకీ మీంచి దించిన వెంటనే కొలవకూడదు. చక్రాలు పక్కకు బిగిసి ఉండి కారు ఎత్తుగా కనిపిస్తుంది. ముందుకీ వెనక్కీ నాలుగు గజాలు తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి, అప్పుడు కొలవాలి. పాత మినీల్లో పెట్రోలు ట్యాంకు బూటులో ఎడమపక్కన ఉంటుంది, డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు. ఎవరూ లేనప్పుడు సమంగా ఉన్న కారు డ్రైవరు ఎక్కగానే ఒరగవచ్చు. ఒక మూల తక్కువగా ఉందని ఆ నట్టు ఒక్కటే తిప్పితే దాని ఎదురు మూలలోనూ బరువు పెరుగుతుంది, మిగతా రెండింట తగ్గుతుంది. అందుకే కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ కారును తోసి, నాలుగూ మళ్లీ కొలవాల్సిందే. విసుగొచ్చే పనే. కానీ ఒక మధ్యాహ్నం ఓపిక పడితే పదేళ్లు హాయిగా తిరగొచ్చు.

ఎత్తు కుదిరాక మరో రెండు పనులుంటాయి. ఎత్తు మారితే చక్రాల వాలు, అవి చూసే దిక్కు కూడా మారతాయి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే కొత్త టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. రెండోది హెడ్‌లైట్లు. వెనక ఒక అంగుళం కుంగినా కాంతి ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తుంది. 1948లో ప్యారిస్ ప్రదర్శనలో కనిపించిన సిట్రోయెన్ 2సీవీలో సస్పెన్షన్ మరీ మెత్తన. మనుషులెక్కితే తోక బాగా దిగుతుంది. అందుకని డ్రైవరు కూర్చున్న చోటి నుంచే దీపాలను కిందికీ పైకీ తిప్పుకునే మీట పెట్టారు. పద్మినికీ, మినీకీ ఆ మీట లేదు. చీకటి పడ్డాక గోడకు ఎదురుగా కారు నిలిపి, డిప్ కాంతి దీపం నడిమట్టానికి కాస్త కిందే పడేలా హెడ్‌లైట్ స్క్రూలను స్క్రూడ్రైవరుతో సరిచేసుకోవాలి.